ఎదురు పేజీ లేని పుస్తకం: ఒక కేసు

గౌరి అసలు పేరు కాదు. ఊరు, తండ్రి పని, వచ్చిన నెలలు కొంచెం కొంచెం మార్చాను, బడి పేరు రాయను. పిల్ల ఏం చేసిందో, నేనెక్కడ పొరపాటు పడ్డానో మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. విశాఖపట్నంలో పిల్లల కౌన్సెలింగ్, చదువు ఇబ్బందుల మీద పనిచేసే నాలాంటివాళ్లకి, బడి మారాక చదువులో, మాటలో వెనకబడ్డ ఇలాంటి పిల్లలు ఏటా జులై, ఆగస్టు నెలల్లో వస్తూనే ఉంటారు. చాలామందిని మనం వేరే పేరు పెట్టి పంపించేస్తున్నామని నా అనుమానం. అందుకే ఈ కేసు.

నేపథ్యం

గౌరికి అప్పటికి తొమ్మిదేళ్లు. అనకాపల్లి దాటాక వచ్చే ఒక పల్లెలో, సర్కారు బడిలో మూడో తరగతి వరకు చదివింది. తండ్రికి ఆటోనగర్‌లో పని కుదరడంతో ఇల్లు గాజువాక వైపు మారింది. జూన్‌లో బడులు తెరిచేసరికి ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతిలో వేశారు. తండ్రి ఐటీఐ, తల్లి తెలుగు మీడియంలో పదో తరగతి. నాయనమ్మ వాళ్లతోనే ఉంటుంది.

మొదటి రోజు ఫారం నింపేటప్పుడు ‘ఇదివరకటి మీడియం’ అన్న గడిలో తండ్రి ‘ఇంగ్లీష్’ అని రాశారు. ‘ఇప్పటి మీడియం’ దగ్గరా అదే. ఆయన అబద్ధం రాయలేదు. కాగితం మీద ఆ పిల్ల ఇంగ్లీషు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియానికే వచ్చింది. కొత్త బడివాళ్లూ అలాగే అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ గడి దగ్గర ఇంకో ప్రశ్న అడిగి ఉంటే ఈ కేసులో నెలన్నర మిగిలేది.

ఏమని వచ్చారు

ఎఫ్‌ఏ-1 (బడిలో ఏడాదిలో మొదటి చిన్న పరీక్ష) మార్కులు వచ్చాక, ఆగస్టులో తీసుకొచ్చారు. క్లాసులో నోరు విప్పదు. బోర్డు మీద ఉన్నది ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకుంటుంది, సొంతంగా రాయాల్సిన చోట ఖాళీ. సోమవారం ఆటో వచ్చే టైముకి కడుపునొప్పి, రెండుసార్లు వాంతి. పిల్లల డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదన్నారు. బడి డైరీలో ‘స్లో లెర్నర్, అసెస్‌మెంట్ చేయించండి’ అని రాసి ఉంది. ఇంటి దగ్గర చెల్లితో పోట్లాడటం ఎక్కువైంది. పాపం, ఆ చెల్లి ఇంకా అంగన్‌వాడీ పిల్ల.

తల్లిదండ్రులు చెప్పడం అయ్యాక నాయనమ్మ అందుకుంది: “ఊళ్లో వాగుడుకాయ మేడమ్ ఈ గుంట. ఈ పట్నం వచ్చినకాడి నుంచి ఏటయ్యిందో నాకు తెల్దు. తాడు కట్టించేను, తగ్గనేదు.” తాడు సంగతి నేను కొట్టిపారేయలేదు. అంతకంటే ముఖ్యం, ‘ఊళ్లో వాగుడుకాయ’ అన్న ముక్క. మాట, తెలివి, ధైర్యం జూన్ దాకా ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఏదైనా జూన్ 12న మొదలవ్వదు.

ఏవి కాదో తేల్చుకోవడం

ముందు వినికిడి. ఇలాంటి ప్రతి పిల్లకీ అదే ముందు చేయిస్తాను. ఆడియోమెట్రీలో తేడా ఏమీ లేదు.

తర్వాత చదవడం. మూడో తరగతి స్థాయి తెలుగు కథ ఇచ్చాను. వత్తుల దగ్గర తడబడలేదు, సంయుక్తాక్షరాల దగ్గర ఆగలేదు, కథని తన మాటల్లో, తన వెటకారంతో తిరిగి చెప్పింది. డిస్‌లెక్సియా, అంటే చదవడంలో పుట్టుకతో ఉండే ఇబ్బంది, సాధారణంగా ఒక భాషలో ఉండి ఇంకో భాషలో పూర్తిగా మాయమవ్వదు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి తప్పులు తక్కువ కనబడొచ్చు, కానీ వేగం పడిపోతుంది. గౌరి వేగం బాగానే ఉంది. ఇంగ్లీషు పాఠం కూడా పైకి బాగానే చదివింది. చదివినదేంటో అడిగితే మాత్రం నేల చూపులు.

మౌనం గురించి ఆలోచించాల్సి వచ్చింది. ఇంట్లో మాట, బడిలో మౌనం అనగానే సెలెక్టివ్ మ్యూటిజం (మాట వచ్చినా కొన్ని చోట్ల నోరు పెగలకపోవడం) గుర్తొస్తుంది. మానసిక ఇబ్బందుల నిర్ధారణకి వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే కనీసం నెల గడవాలి, బడిలో చేరిన మొదటి నెలని లెక్కలోకి తీసుకోకూడదు, పైగా అక్కడ మాట్లాడే భాష రాకపోవడమే కారణమైతే ఆ పేరు పెట్టకూడదు. ఆ చివరి షరతు దగ్గరే నేను ఆగాను.

అన్నిటికంటే ఎక్కువ చెప్పింది లెక్కలు. ఒకే బరువున్న పది లెక్కల సెట్లు మూడు తయారుచేశాను. ఉత్త అంకెల్లో ఇస్తే పదికి పది. తెలుగులో నోటితో కథలా చెప్తే తొమ్మిది. ఇంగ్లీషు వాక్యాల్లో రాసిస్తే మూడు. ఆ మూడూ కూడికలే. రెండు అంకెలు కనబడితే కూడేస్తోంది, అంతే. ఒక లెక్క ఇలా ఉంది: రవి దగ్గర 45 మామిడిపళ్లు, 18 ఇచ్చేశాడు, ‘హౌ మెనీ ఆర్ లెఫ్ట్?’ ఆ ఒక్కదాన్ని మాత్రం కూడలేదు, 45 అని రాసింది. ఎందుకమ్మా అంటే, “లెఫ్ట్ అంటే ఎడమ కదా మేడమ్. ఎడం పక్కనున్నది నలభై అయిదు” అంది. ఇంత తర్కం ఉన్న పిల్లని స్లో లెర్నర్ అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా మొదటి సలహా, అది చెడిన తీరు

అప్పటికి నా లెక్క ఇది: పిల్లకి తెలివి ఉంది, ఇంగ్లీషు తక్కువ, కాబట్టి ఇంగ్లీషు పెంచాలి. తండ్రి తొందర కూడా నన్ను తోసింది. “సంవత్సరం ఫీజు కట్టేశాం మేడమ్, వెనక్కి పంపలేం” అన్నారాయన. ఇంట్లో రోజూ గంటసేపు ఇంగ్లీషులోనే మాట్లాడుకోమన్నాను, కార్టూన్లు ఇంగ్లీషులో పెట్టమన్నాను, రోజుకి పది మాటలు నేర్పమన్నాను. వీధి చివర ట్యూషన్ వాళ్లే చూసుకున్నారు, నేను వద్దనలేదు.

కబుర్లాడే భాష వేరు, పాఠం మోసే భాష వేరని, రెండు భాషల పిల్లల చదువు మీద పనిచేసిన జిమ్ కమ్మిన్స్ 1979లోనే విడదీసి చూపించారు. మొదటిది పట్టుబడటానికి సుమారు రెండేళ్లు, రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందన్నది మా చదువులో ఎంతో పాత పాఠం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. కార్టూన్లు చూపిస్తే వచ్చేది మొదటి రకం. గౌరికి అడ్డుపడుతున్నది రెండో రకం. తెలిసి కూడా సలహా ఇచ్చేశాను.

మూడు వారాలకి తల్లి ఫోన్ చేశారు. “మీరు చెప్పినట్టే చేస్తున్నాం మేడమ్. కానీ ఇప్పుడు ఇంట్లో కూడా మాట్లాడట్లేదు.” ఆలోచిస్తే ఇదెంత సహజం! ఆ ఇంట్లో ఇంగ్లీషు గంట అంటే నలుగురూ నోరు కట్టుకుని కూచునే గంట. తండ్రికి వచ్చిన వాక్యాలు ‘కమ్ హియర్’, ‘రైట్ యువర్ హోంవర్క్’. బడిలో పోగొట్టుకున్న మాటని పిల్ల ఇంటికొచ్చి తీర్చుకునేది. ఆ చోటు కూడా నేను మూయించాను. ట్యూషన్‌లో రెండు గంటలు జవాబులు చూసిరాత, స్పెల్లింగులు పదేసిసార్లు. పది మాటల జాబితా మర్నాటికి ఉండేది, వారానికి పోయేది. ఏ పాఠానికీ తగలని మాటలు ఎక్కడ నిలుస్తాయి?

ఇంగ్లీషు గంట ఆ రోజే ఆపించాను. ట్యూషన్ మాన్పించడానికి ఇంకో నెల పట్టింది, ఎందుకంటే అది ఆ ఇంటికి ధైర్యం.

ట్రంకు పెట్టెలోంచి వచ్చిన పుస్తకం

తర్వాతి సారి వచ్చేటప్పుడు పాత బడి పుస్తకాలు తెమ్మన్నాను. ఏ పాఠాలు అయ్యాయో చూద్దామని తప్ప పెద్ద ఉద్దేశం లేదు. తల్లి పర్యావరణం పుస్తకం తెచ్చారు. 2020–21లో మన రాష్ట్రంలో మొదలైన రెండు భాషల పుస్తకం అది. ఒక పేజీలో ఇంగ్లీషు, దానికెదురు పేజీలో అదే పాఠం, అవే బొమ్మలతో తెలుగులో. గౌరిని ఒక పాఠం చదవమన్నాను. ఇంగ్లీషు పేజీలో ఒక వాక్యం చదువుతుంది, కళ్లు చటుక్కున ఎదురు పేజీకి వెళ్తాయి, బొమ్మ గుర్తుతో సరిగ్గా అదే వాక్యం దగ్గర వాలతాయి, మళ్లీ వెనక్కొస్తాయి. పిట్ట కొమ్మ మారినట్టు.

ఆ కదలిక నాకు కొత్త కాదు. మొదటి రోజు కొత్త బడి పుస్తకం ఇచ్చినప్పుడు కూడా పిల్ల చూపు పక్క పేజీకి పోతూ ఉంది. అక్కడ ఉన్నది వేరే సంగతి, కాబట్టి ఎక్కడ చదువుతోందో తప్పిపోయేది. ఫైలు తీసి చూసుకున్నాను. నా చేత్తోనే రాసి ఉంది: ‘చూపు నిలకడ లేదు, ఏకాగ్రత తక్కువ.’

మూడేళ్లపాటు ఆ పిల్లకి చదవడమంటే రెండు పేజీల మధ్య తిరగడం. పంతులమ్మ కూడా ఇంగ్లీషు పేజీ చదివించి తెలుగులో వివరించేవారట. అంటే ఫారంలో ‘ఇంగ్లీష్’ అని ఉన్న ఆ బడి నిజానికి రెండు భాషల బడి. కొత్త బడిలో గోడ మీద ‘తెలుగులో మాట్లాడరాదు’ అన్న బోర్డు, మాట్లాడితే ఫైను. మీడియం మారలేదు, ఎదురు పేజీ పోయింది. నాకు ఈ కేసు అక్కడ తెరుచుకుంది.

ఎదురు పేజీని మళ్లీ కట్టడం

ఒక పక్క గీతలు, ఒక పక్క తెల్ల కాగితం ఉండే నోటుబుక్కు కొనిపించాను. గీతల పక్క పాఠంలోని ఇంగ్లీషు వాక్యాలు, తెల్ల పక్క తెలుగు. ఇక్కడ కూడా మొదటి ప్రయత్నం చెడింది, తప్పు నాదే. నీటి పాఠంలో ‘ఎవాపరేషన్’కి ఎదురుగా ‘బాష్పీభవనం’ అని రాశాను. పిల్ల రెండిటినీ ఒకే రకంగా చూసింది. తెలియని మాటకి ఎదురుగా ఇంకో తెలియని మాట పెట్టి తెలుగు సాయం చేశాననుకున్నాను. “అమ్మ రొయ్యల ఇగురు చేస్తుంది కదా, ఇగురు అని ఎందుకంటారు?” అని అడిగాను. “నీళ్లన్నీ ఇగిరిపోవాలి కాబట్టి.” “ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి?” కాసేపు ఆలోచించి, “పొగలాగ పైకి” అంది. తెల్ల పేజీలో ఒక మూకుడు బొమ్మ, కింద ‘ఇగరడం’. అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాం: ఎదురు పేజీలో పుస్తకం తెలుగు రాకూడదు, ఇంట్లో తెలుగే రావాలి.

ఇంకో నిర్ణయం, పాఠం మొత్తాన్ని తెలుగు చేయకపోవడం. తల్లి అలాగే చేద్దామన్నారు, ఓపిక కూడా ఉంది. నేను వద్దన్నాను. పాత పుస్తకంతో పరీక్షిస్తే తేలిందేమంటే, గౌరి పొడవైన వాక్యాలన్నీ తెలుగులోనే చదివి, ఇంగ్లీషుని బొమ్మలా దాటేసేది. పూర్తి తెలుగు పాఠం ఎదురుగా ఉంటే ఏ పిల్లయినా అదే చేస్తుంది. అందుకని తెల్ల పేజీలో మూడు నాలుగు మాటలు, ఒక బొమ్మ, ఒక ప్రశ్న. అర్థం ఇంగ్లీషు పేజీలోకి వెళ్తేనే పూర్తవ్వాలి.

లెక్కలకి వేరే పేజీ. ‘లెఫ్ట్’ అంటే ఎడమ కూడా, మిగిలినవి కూడా. ‘టేబుల్’ అంటే బల్ల, ఎక్కం కూడా. ‘హౌ మెనీ మోర్’ అంటే ఇంకా ఎన్ని కావాలి, కూడిక కాదు, తీసివేత. లెక్కల వాక్యాల్లో ఇలాంటి దొంగమాటలు పాతిక దాకా ఏరాం. వాటి జాబితా రాయించలేదు. ఒక్కో మాటకి గౌరి చేతే తెలుగులో ఒక లెక్క కట్టించాను, అందులో పాత్రలన్నీ చెల్లి, నాయనమ్మ, జంతికలు.

సాయంత్రం పని తల్లిది. “నాకు ఇంగ్లీషు రాదు కదా మేడమ్, నేనేం చెప్పను?” అన్నారు. పాఠం చెప్పక్కర్లేదు, రేపటి పాఠంలో ఉన్న విషయం గురించి ముందురోజు రాత్రి పదిహేను నిమిషాలు తెలుగులో మాట్లాడితే చాలన్నాను. రేపు ఇళ్ల పాఠమైతే ఊళ్లో తాటాకిల్లు ఎలా నేసేవారో నాయనమ్మ చెప్తుంది. క్లాసులో టీచరు ఇంగ్లీషులో చెప్తున్నప్పుడు పిల్ల విషయాన్నీ భాషనీ రెండిటినీ ఒకేసారి వెతుక్కోకూడదు. విషయం ముందే తెలిసి ఉంటే వెతుకులాట సగమవుతుంది. అన్నిటిలోకీ ఎక్కువ పనిచేసింది ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఖర్చు కూడా ఏమీ కాలేదు. నాయనమ్మ కూడా తాడు సంగతి మర్చిపోయింది.

బడితో మాట్లాడటం

జాతీయ విద్యా విధానం 2020 వీలైన చోట అయిదో తరగతి వరకు, కుదిరితే ఎనిమిది వరకు ఇంటి భాషలో బోధించమంటుంది. ఆ కాగితం పట్టుకెళ్లి ప్రిన్సిపాల్ ముందు పెడితే ఏమవుతుందో గతంలో రెండు కేసుల్లో చూశాను. మర్యాదగా టీ ఇచ్చి పంపిస్తారు. గోడ మీది ఆ ‘తెలుగులో మాట్లాడరాదు’ బోర్డు నేను తీయించలేను. అందుకని క్లాసు టీచరుని కలిసి మూడు చిన్న వెసులుబాట్లు మాత్రం అడిగాను: పక్క పిల్లని తెలుగులో గుసగుసగా అడిగితే చూడనట్టు ఊరుకోవాలి, రేపు అడగబోయే ఒక ప్రశ్న ఈ రోజే చెప్పాలి, జవాబు బొమ్మగానో అంకెగానో ఇచ్చినా సరే అనాలి.

టీచరు తలుపు వైపు ఓసారి చూసి, “నేనూ శ్రీకాకుళంలో తెలుగు మీడియమే మేడమ్. డిగ్రీ మొదటి సంవత్సరమంతా ఏడ్చాను” అన్నారు. మూడూ ఒప్పుకున్నారు.

నేను లెక్కలోకి తీసుకోనిది ఆటో. గౌరి ఆటోలో తొమ్మిదిమంది పిల్లలు. అందులో అయిదో తరగతి అమ్మాయి ఒకతి ఉంది. బోర్డు అధికారం గేటు దాకానే. గేటు దాటాక ఆటోలో అంతా తెలుగే. ఆ అరగంటలో ఆ అప్ప (అక్క) ఆ రోజు పాఠాలన్నీ గౌరికి అరటిపండు ఒలిచినట్టు చెప్పేదట. ఈ సంగతి నాకు నవంబర్లో తెలిసింది. నా నోటుబుక్కు వల్ల ఎంత మేలు జరిగిందో, ఆటో వల్ల ఎంత జరిగిందో విడదీసి చెప్పలేను.

దసరా సెలవుల తర్వాత మొదటి మాట వచ్చింది. టీచరు తడిబట్ట ఆరడం గురించి అడిగితే గౌరి చెయ్యెత్తి, “టీచర్, వాటర్ ఇగిరింగ్” అందట. క్లాసంతా నవ్వింది. టీచరు ఫైను వేయలేదు, బోర్డు మీద ‘ఎవాపరేషన్’ అని రాసి, “గౌరి చెప్పింది ఇదే” అన్నారు. ఆ వారం కడుపునొప్పి రాలేదు.

తీసేయడంలో తొందర

ఇవ్వడం తేలిక, వెనక్కి తీసుకోవడమే కష్టం. నవంబర్లో లెక్కల తెల్ల పేజీ ఆపాం, ఏమీ కాలేదు. ఆ ధీమాతో పర్యావరణానిది కూడా ఆపేయించాను. రెండో సోమవారానికి కడుపునొప్పి తిరిగొచ్చింది. లెక్కల్లో మళ్లీ మళ్లీ వచ్చేవి అవే పాతిక మాటలు, ఒకసారి పట్టుబడితే పట్టుబడ్డట్టే. పర్యావరణంలో ప్రతి పాఠమూ కొత్త మాటల మూట. రెండిటినీ ఒకే గాటన కట్టడం నా పొరపాటు.

ఈసారి ఆ నిర్ణయం నేను తీసుకోలేదు. ఏ వాక్యానికి తెలుగు కావాలో గౌరే చెప్పాలి. అక్కర్లేదనుకుంటే తెల్ల పేజీ ఖాళీగా వదిలేయొచ్చు, ఎవరూ అడగరు. మొదటి వారం అన్నిటికీ కావాలంది. సంక్రాంతి తర్వాత పేజీకి రెండు మాటలకి దిగింది. ఫిబ్రవరిలో కథలు మార్చి అవే పది లెక్కలు ఇంగ్లీషులో ఇస్తే ఎనిమిది చేసింది. ‘లెఫ్ట్’ ఉన్న లెక్క దగ్గర నా వైపు చూసి నవ్వి, తీసివేసింది.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

ఫారంలో మీడియం గడి ఇంకా ఉంది. దాని కింద చేత్తో ఒక ప్రశ్న రాసి అడుగుతున్నాను: “పాఠం అర్థం కాకపోతే టీచరు ఏ భాషలో చెప్పేవారు?” జవాబుని బట్టి మొత్తం కేసు వేరే దారి పడుతుంది. పిల్ల చూపు పక్కకి పోతే ఏకాగ్రత అని రాసే ముందు, ఎక్కడికి పోతోందో చూస్తున్నాను.

ఈ పద్ధతి అందరికీ పనికొస్తుందని చెప్పను. గౌరికి తెలుగు చదవడం గట్టిగా వచ్చు కాబట్టి ఎదురు పేజీ నిలబడింది. తెలుగు అక్షరం రాని పిల్లకి అదే నోటుబుక్కు ఇస్తే రెండు గోడలు కట్టినట్టవుతుంది, అక్కడ నోటి మాటతోనే మొదలుపెట్టాలి. మన ఊళ్లో ఒడియా, హిందీ ఇంటి భాషగా ఉన్న పిల్లలు తక్కువేం కాదు. వాళ్లకి ఎదురు పేజీ తెలుగులో ఉంటే అదీ ఇంకో పరాయి పేజీయే. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజన పిల్లలకి చదువు చెప్పాలనుకుని ముందు తాను సవర నేర్చుకున్నారు. మనం ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసి దండలేసి వచ్చేస్తాం.

అయిదో తరగతిలోకి వచ్చాక గౌరిని ఒకసారి చూశాను. క్లాసులో మాట్లాడుతోంది, ఎక్కువే మాట్లాడుతోందని కొత్త టీచరు ఫిర్యాదు. తెలుగు చేతిరాత పాడైంది, వత్తులు మింగేస్తోంది. దానికి రోజూ నాయనమ్మ చెప్పే కథ ఒక పేజీ రాయమన్నాను. సోషల్ పాఠాల్లో పొడుగు వాక్యాలు ఇంకా మింగుడు పడట్లేదు. ఆ సబ్జెక్టు నోటుబుక్కులో తెల్ల పేజీలు మళ్లీ తెలుగుతో నిండుతున్నాయి. ఎప్పుడు ఆపమంటారని తండ్రి అడిగారు. అది గౌరిని అడగమన్నాను.